తేడా

చౌటుప్పల్ దాటినంక, రోడ్డుకు ఎడమదిక్కు
మందుల కంపెనీ. రాత్రి షిఫ్టు.
నీళ్ల రూంల నేను, సత్తార్ భాయి,
గోడకు బిగిచ్చిన ఓ డబ్బా.

ఇక్కడి నీళ్లకు వాసన లేదు, రుచి లేదు,
గ్లాసుల పోస్తే గ్లాసు ఖాళీగున్నట్టే ఉంటది.
పైపు మీద మాత్రం ఎర్రక్షరాలు: తాగరాదు.

చేరిన కొత్తల అడిగిన,
ఇంత తేటనీళ్లల్ల ఏం దేవులాడుతది ఇది అని.
సత్తార్ భాయి పానా పక్కకు పెట్టిండు:
"కనవడనిదే. ఏ పాచి జిగటో,
రబ్బరు వాషరు ఇడిసిన చెమ్మనో.
ఊకె చూస్తె దొరకదు.
మొదలు నీళ్లల్ల కరెంటు ఎంత పారుతుందో కొలుస్తది.
ఇగ దీపం ముంగట నిలవెడ్తది,
మన కంటికందని ఊదా వెలుగు, తొంగిచూడకు, కండ్లు పోతయి.
ఆ వెలుగుకు లోపలిదంత కాలి
బొగ్గుపులుసు వాయువై మళ్ల నీళ్లల్లనే కరుగుతది.
మళ్ల కొలుస్తది.
రెండోదాంట్లకెల్లి మొదటిది తీసెయ్.
ఆ తేడానే సంగతి."

గంటకోపారి నీలి పెన్నుతోని రాస్త:
ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. ముప్పై ఎనిమిది.
వంద కోట్ల పాళ్లల్ల అన్ని పాళ్లు.
ఐదువందలు దాటితే మందు బంద్.

మొన్న రెండింటికి, నిద్ర కండ్లల్ల ఇసుకలెక్క గుచ్చుతుంటే
తొంభై. నూట అరవై. రెండువందల పన్నెండు.
గుండె జల్లుమన్నది. ట్యాంకు చూసినం, వాల్వులు చూసినం,
ఆఖరికి సత్తార్ భాయి తన చెయ్యి తనే వాసన చూసుకున్నడు:
శాంపిల్ ట్యూబు తుడిసిన గుడ్డల స్పిరిట్ తడి.
చుక్క గూడ గాదు, చుక్క యాది.

నలభై నిమిషాలు కడుగుడు.
అప్పుడే బ్యాగులకెల్లి సీసా తీసిన.
మర్రిగూడ దిక్కు, మా ఊరి బోరింగు నీళ్లు.
సర్కారోళ్లు ఎర్రరంగు పూసిపోయిన బోరింగు.
"దీన్ని గూడ ఒక్కసారి..."
సత్తార్ భాయి సీసాను లైటుకు అడ్డం పట్టి చూసిండు.
"సైదులూ, ఇంత ఉప్పుకు మిషిన్‌కు పిచ్చెక్కుతది.
ఎక్కకున్నా గంతే. ఇది కాలేటిదాన్నే లెక్కవెడ్తది.
మీ నీళ్లల్లది రాళ్లకెల్లి దిగింది.
రాయి కాలదు. తేడా రాదు."

మా నాయనమ్మ అండాలమ్మకు మీటరు పప్పుకుండ.
రెండు గంటలు మంటవెట్టినా కందిపప్పు
గింజకు గింజ అట్లనే ఉంటే
"ఇయ్యి తాగే నీళ్లు గావురా" అనేటిది.
అనుకుంటనే తాగింది. ఇంకోటి లేకుండె.
ఆమె మొదటి కొలత నేను చూడలే,
నెత్తిన రెండు బిందెలు పెట్టుకొని
చేతులిడిసి నడిచేదంట.
రెండోది చూసిన.

ఆరింటికి నలభై ఒకటి రాసి సంతకం పెట్టిన.
సీసా నీళ్లు ఆ రూం మోరీల పొయ్య మనసొప్పలే,
గేటుకాడి బంతిచెట్టు మొదట్ల పోసిన.
ఏం నీళ్లవి, అనడిగిండు సెక్యూరిటీ ఆయన.
మా ఊరియి, అన్న.