తేడా తొమ్మిది

గాలివాన వెళ్ళిన పదకొండో రోజు
నా చేతికి ఎర్ర రంగు డబ్బా, బ్రష్షు, ఆఫీసు ఫోనూ ఇచ్చి
కవిటి వైపు పొమ్మన్నారు.
పడిన కొబ్బరిచెట్టు మొదట్లో నంబరు వెయ్యాలి.
నంబరు పక్కన రైతుని నిలబెట్టి ఫొటో తియ్యాలి.
నిలబడ్డ చెట్టు లెక్కలోకి రాదు.
మొవ్వు విరిగి నిలబడ్డదీ రాదు.
రూలు నేను రాయలేదు.

కొర్ల తవిటమ్మ తోటలో
కాలు పెట్టడానికి నేల లేదు.
చెట్టు మీంచి చెట్టు మీదికి దిగుతూ వేశాను నంబర్లు.
పెనిమిటి సోంపేటలో, రక్తం కడిగే మంచం మీద.
బుధవారం ఆయన వంతు,
తుఫానుకి కూడా వాయిదా పడని వంతు.
అందుకని ఫొటోల్లో ఆవిడే నిలబడింది
నలభై మూడు సార్లు.
మొదటిదానికి కొంగు సర్దుకుంది.
ఇరవయ్యోదానికి మొహం తిప్పేసుకుంది.
ఆఖర్న అడిగింది:
"నన్నెందుకు బాబూ ఇన్నిపాలి తీస్తావు,
నాను పడిపోనేదు గదా."

జాబితా సచివాలయం గోడకెక్కింది.
ఆవిడ పేరు పక్కన ముప్పై నాలుగు.
మూడూ నాలుగూ చోట్లు మార్చుకున్నాయి,
నా వేలు జారిందో, జిల్లా ఆఫీసులో ఇంకెవరిదో.
ఎవరూ కావాలని చెయ్యలేదు.
అదే మరీ కష్టం,
తిట్టడానికి మనిషి దొరకడు.

డబ్బు పడిన మర్నాడు పొద్దున్నే వచ్చింది.
అర్జీ తేలేదు.
చీర పీలికతో కట్టిన కొబ్బరి ఈనెల కట్ట తెచ్చింది.
నా బల్ల మీద విప్పి
ముప్పై నాలుగు లెక్కెట్టి పక్కకి తోసింది.
మిగిలినవాటి మీద ఒక్కొక్కదానికీ వేలు ఆనించి:

"ఇది నూతి పక్కది. వొంగి నీళ్ళల్లో మొకం సూసుకునీది.
ఇది మా పెద్దగుంట పుట్టిన ఏడు ఏసినాం.
ఇది గొడ్డుది. ఆయన కొట్టీమంటే నానే వొద్దన్నాను.
ఇదీ ఇదీ జంట, ఒకేపాలి ఒరిగినాయి.
దీని నీళ్ళు ఉప్పన, అయినా పిల్లలు దీనికే ఎగబడీవోరు.
ఇది గట్టుది, తగువు తీరిందాక సగమే మాది.
దీని మీద పడే మా పాక పోయింది."

తొమ్మిదో ఈనె దగ్గర ఆగింది.
చాలాసేపు వెతుక్కుంది.
"దీని సంగతి మర్సిపోనాను.
అయినా పడింది."

గడువు అయిపోయిందమ్మా, అన్నాను.
కంప్యూటర్లో ఇంక తెరుచుకోదు, అన్నాను.

"డబ్బు మాటకి రానేదు బాబూ.
ఆ తొమ్మిదీ పడనేదని మీ కాగితం సెప్తంది.
పడకపోతే సూపించు.
ఎక్కడ నిలబడ్డాయో సెప్పు,
కాయ దింపుకుంటాను."

ఆ రాత్రి ఫోన్లో ఫొటోలన్నీ తిరగేశాను.
ఎర్ర అంకె, తేదీ, సమయం,
అంకె పక్కన అదే చీరలో అదే మనిషి.
నలభై మూడే.
అర్జీ నేనే రాశాను. పైకి పంపాను.
పైనుంచి ఇంకా పైకి వెళ్ళిందన్నారు.
రెండు వానాకాలాలు దాటాయి.
ఈనెలు నా సొరుగులోనే ఉన్నాయి, ఎండి, వంకర తిరిగి.
బల్ల తుడిచే మనిషి ఒకసారి పారెయ్యబోతే
ఎందుకో గట్టిగా అరిచాను.

మొన్న ఆ దారిన పోతుంటే
పాత మొదళ్ళ మధ్య మోకాలెత్తు మొక్కలు కనిపించాయి.
బండి ఆపాను.
ఒకటి, రెండు, మూడు అంటూ వేలు లేచింది.
తోటలోంచి ఆవిడ గొంతు:

"లెక్కెట్టకు బాబూ,
ఇంకా ఏవీ పడనేదు."