షట్టర్ లోపలి వైపు

కందుకూరు, పామూరు రోడ్డులో
మోటార్లు చుట్టే కొట్టు నాది.
పొద్దున షట్టర్ పైకి తోస్తే
నిన్న మిగిలిన పనులన్నీ గుండ్రంగా చుట్టుకుని
నా నెత్తి మీది డబ్బాలోకి పోతాయి.
రాత్రి సగం దించి లోపల కూర్చుంటే
ఒక్కో రేకే దిగుతుంది, సుద్ద రాతతో.

ముప్పై ఒక్క రేకులు. రేకుకో పని.
నోటు పుస్తకాలు మూడు పోగొట్టుకున్నాను గానీ
దీన్ని ఎక్కడా మరిచి రాలేను.

ముందు ఇట్లా లేదు.
"అంతా బుర్రలో ఉందిలేన్నా" అనేవాణ్ణి.
ఉండేది, నిజమే —
తీగ చుట్టేటప్పుడు కరెంటు బిల్లు,
బిల్లు కట్టే క్యూలో ఎవరిదో బేరింగు,
అన్నం కలిపేటప్పుడు ఆ బేరింగు తాలూకు మనిషి మొహం.
చుట్లు లెక్కబెడుతూ అరవై రెండు దగ్గర
ఏదో గుర్తొచ్చేది.
విప్పి, మళ్ళీ ఒకటి నుంచి.

వానలు మొహం చాటేసిన భాద్రపదంలో
లింగసముద్రం మాలకొండయ్య
మూడు హార్స్‌పవర్ మోటారు దించిపోయాడు.
గోతాల వెనక పడిపోయింది. నాలుగు రోజులు.
పొగనారు మడి మాడిపోయింది.
తిడతాడనుకున్నా. తిట్టలా.
"మర్చిపోయినావా అబ్బయా" అని
మెట్టు మీద కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు.
ఆ బీడీ అయిపోయేదాకా
ఎటు చూడాలో నాకు తెలియలా.

ఆ రాత్రే సుద్దముక్కల డబ్బా కొన్నాను.

మొదట్లో రాయడమూ చేతకాలేదు.
"ఉలవపాడు పంపు బాగుచెయ్యాలి" అని రాస్తే
పదకొండు రోజులు గబ్బిలంలా వేలాడింది.
అదే చెరిపి
"బేరింగుకి ఒంగోలు బస్సు డ్రైవర్ చేత డబ్బు పంపు" అని రాశా,
సాయంత్రానికి రేకు ఖాళీ.
బిందెకు మెడ ఉన్నట్టు
పనికీ ఎక్కడో ఒకచోట పట్టు దొరకాలి,
లేకపోతే చుట్టూ తిరుగుతాం గానీ ఎత్తలేం.

రాసిన రాత్రి నిద్ర పడుతుంది.
పని తగ్గిందని కాదు,
నా బదులు రేకు మేలుకుని ఉంటుందని.

ఒకనాడు మధ్యలో నాది కాని చేతిరాత:
"సుభానీ జీతం."
కుర్రాడు వైరు తోలు ఒలుస్తున్నాడు, తల ఎత్తకుండా.
లెక్కబెట్టి ఇచ్చి
గుడ్డ వాడి చేతికే ఇచ్చాను, తుడుచుకోమని.
ఎంత నిదానంగా తుడిచాడో.

మీరాబీ ఒకసారి క్యారేజీ తెచ్చి
ఏమీ అనకుండా అట్టడుగు రేకు మీద
"మనింట్లో ఫ్యాను" అని రాసిపోయింది.
ఊళ్ళో ఫ్యానులన్నీ తిప్పేవాడి ఇంట్లో
విసనకర్ర తిరుగుతోంది రెండో ఎండాకాలం.
రోజూ ఆ అక్షరాల కింద నుంచే
నడుం వంచి బయటికొస్తాను.

మొన్న సెల్ కంపెనీ పిల్లాడొచ్చి
షట్టర్‌కి రంగేస్తాం, ఫ్రీ అన్నాడు.
వెయ్యమన్నా.
లోపలి వైపూ వేస్తామన్నాడు, అదీ ఫ్రీనే.
లోపల ఇల్లు ఉందిలే అన్నా.
వాడికి అర్థం కాలా, పోయాడు.

అన్నీ తీరతాయని కాదు.
పన్నెండో రేకు మీద ఒకటుంది:
"రమణయ్య – నాలుగు."
నా రాతే.
ఏ రమణయ్య? మా సెంటర్లో నిలబడి పిలిస్తే
టీ కొట్టు నుంచే ముగ్గురు తిరుగుతారు.
నాలుగు ఏంది? వందలా, బుష్షులా,
నాలుగింటికి వస్తానన్నానా?
చేశానో లేదో తెలియనిదాన్ని
చెరిపే ధైర్యం చాలదు.
అంచులు అరిగినప్పుడల్లా
పైన మళ్ళీ దిద్దుతున్నాను, బడిపిల్లాడిలా.

"కొట్టెయ్ అన్నా, ఏడాదైంది" అంటాడు సుభానీ.
గుడ్డ తీస్తాను. మళ్ళీ భుజాన వేసుకుంటాను.

పొద్దుపోయాక బయట నుంచి
ఎవరైనా షట్టర్ తట్టితే మాత్రం
లోపల నుంచే అడుగుతాను —
"ఎవరూ, రమణయ్యా?"