ఖాళీ సీటు

పలమనేరు పాలకేంద్రంలో
లాక్టోమీటరు ముంచకముందే, క్యాను వంచేటప్పుడు
ధార చూసి చెప్పేస్తాను ఎన్ని చెంబుల నీళ్ళు కలిపినారో.
అట్లాంటిదాన్ని
నా కారులో ఏం మోగతా ఉందో చెప్పలేకపోయినాను.

బెల్లం మండీ ఆయన దగ్గర కొన్న పాత బండి.
ఎండకు పెడితే ఇంకా పాకం వాసన.
చీమలు కూడా దాంతోనే వచ్చినాయి,
బేరంలో వాటి మాట రాలేదు.

మొదటిసారి మురకంబట్టు దాటినాక వినిపించింది.
కట. కట. కటకట.
నలభైలో నింపాదిగా, అరవైలో గసపెడతా,
బ్రేకు తొక్కితే రవ్వంత ఆగి
చెప్పబోయింది మరిచిపోయి మళ్ళీ గుర్తొచ్చినట్టు
కటకట.

డ్యాష్‌బోర్డు అర తీసి చూసినాను:
టోలు చీటీలు, పళ్ళు పోయిన దువ్వెన,
ఎవరిదో పెండ్లిపత్రిక, పసుపు ఇంకా అంటుకుంటా ఉంది.
డిక్కీలో జాకీకి గోనెపట్ట చుట్టినాను.
నీళ్ళ సీసా ఇంట్లో పెట్టేసినాను.
ఆఖరికి చెవికమ్మలు కూడా తీసేసినాను.
కటకట.

మా మరిది గంగులప్పను ఎక్కించుకుంటే
గ్రీమ్స్‌పేట నుంచి బంగారుపాళెం దాకా
కిక్కురుమనలేదు.
"యాడుంది వదినా?" అని టీ తాగి దిగిపోయినాడు.
వంద గజాలు రాలేదు,
మొగమాటం తీరిన చుట్టంలా మొదలుపెట్టింది.

షోరూము పిల్లోడు పక్కన కూచోని ఊరంతా తిప్పించినాడు.
"ఏమీ లేదు మేడమ్."
ఏమీ లేనిదానికి బిల్లు ఆరువందల యాభై.
కేంద్రంలో గుమాస్తా నవ్వినాడు,
"శబ్దం బండిలో లేదేమో మునిలక్ష్మీ."
నేనూ కొన్ని రాత్రులు అట్లాగే అనుకున్నాను.
ఇంజను ఆపేసి, లైట్లు ఆర్పేసి,
గేటు ముందు చీకట్లో చెవులు రిక్కించి కూచున్నాను.
పక్కింటి కుక్క నన్ను చూసి మొరిగింది.

సంతపేటలో దస్తగిరి బానెట్టే ఎత్తలేదు.
రేకుల షెడ్డు ముందర టీ ఊదుకుంటా
డాక్టరు మాదిరి అడిగినాడు.
"ఎవురన్నా ఎక్కితే రాదా?"
రాదు.
"ఎవురెక్కినా?"
ఎవురెక్కినా.
అప్పుడు గుర్తొచ్చింది, ఒకనాడు
పక్క సీట్లో ఇరవై అయిదు కేజీల బియ్యం మూట,
మొగిలి ఘాటు ఎక్కి దిగినా చప్పుడు లేదు.
చెప్పగానే గ్లాసు కింద పెట్టేసినాడు.

"మనిషైతే ఏమి, మూటైతే ఏమి మేడమ్,
దానికి బరువు గావాల."
మోకాళ్ళ మీద వంగి, తల లోపలికి దూర్చి,
నాలుగు బోల్టుల్లో ఒకటి చేత్తోనే ఊడదీసినాడు,
అరిగి నున్నగా, చప్పరించి ఉమిసేసిన చింతగింజలా.
"ఖాళీ సీటు. ఊరికే ఎగిరెగిరి పడతా ఉంది, అంతే.
ఈడ ఎవురూ కూచోరా?"
"చీమలు" అన్నాను.
ఆయన నవ్వలేదు. సైకిలు ట్యూబు ముక్క కోసి
కింద మడత పెట్టి, కొత్త బోల్టు బిగించి
నలభై రూపాయలు తీసుకున్నాడు.

మర్నాడు ఘాటు ఎక్కతా ఉంటే
కారు నిండా నిశ్శబ్దం.
నలభైలో పోయినాను. అరవైలో పోయినాను.
పాల ట్యాంకరు హారను కొట్టి దాటిపోయింది.
పైకొచ్చేసరికి
నా గోరు స్టీరింగు మీద కొడతా ఉంది, దానంతట అదే.

ఆ అరిగిన బోల్టును పారేయలేదు.
దువ్వెన పక్కన అరలో పడేసినాను.
గుంటలో చక్రం దిగినప్పుడల్లా
టక్కుమని ఒకసారి మోగతాది.
ఇప్పుడు ఎవురన్నా అడిగితే
యాడుందో చెప్పగలను.