తప్పిన బంతుల పడవ

ఫారో దీవుల్లో మా ఊరు వేలెడంత నేల.
ఆ వేలి కొసన మైదానం,
రెండు గోల్ పోస్టుల వెనకా సముద్రమే.
ఆదివారం ఆట మొదలవకముందే
పడవ విప్పుకుని నీళ్లలోకి వెళ్తాను
పొడుగు కర్ర వల, ఫ్లాస్కులో కాఫీ, ఊలు టోపీ.
మావాళ్లు దాడిచేసే గోల్ వెనక నేను.
ఎదుటివాళ్ల తప్పులు ఏరేది మా బావమరిది.

పద్దెనిమిదేళ్లుగా ఇదే కొలువు.
గట్టు అడ్డం, ఆట కనబడదు.
గోలంటే నాకొక అరుపు, అంతే.
తప్పిన గోలైతే
తడిసిన తోలు, వేళ్లకు అంటే బురద,
ఒళ్లో పెట్టుకుంటే చల్లగా తగిలే బరువు.

అందుకే హెర్గైర్ గురించి
నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదంటాను.
ఈ ఏడు వాడివి ముప్ఫై ఒక్క బంతులు ఏరాను.
ఎడమకాలివి లంగరు రాయి దాటి పడతాయి.
కుడికాలివి దగ్గర్లోనే, సిగ్గుపడ్డట్టు.
తలతో కొట్టింది ఒక్కటే,
అది నా కాఫీ ఒలకబోసింది.

చేపల ఫ్యాక్టరీలో
కాడ్ పొట్ట చీలుస్తూ రన్వా అంటుంది:
"గోల్ పోస్టును ఇల్లంత కట్టించినా
వీడు పొగగొట్టం మీంచే కొడతాడు."
రొట్టెల కొట్టు యాకుప్‌ది అంకెల మనసు:
"పన్నెండు మ్యాచ్‌లు, ఒక గోలు.
అదీ మోకాలికి తగిలి."
కత్తి ఆగదు, నవ్వూ ఆగదు.
అదే బల్ల చివర ఐసు పారతో
వాడు పెట్టెలు నింపుతూనే ఉంటాడు,
చెవులు మాత్రం ఎర్రగా.

నేనేం మాట్లాడను?
నా దగ్గరున్నవి ముప్ఫై ఒక్క తడి బంతులు.
సాక్ష్యానికి పిలిస్తే
అవీ వాళ్ల వైపే చెబుతాయి.

ఆగస్టులో కోచ్ వాడిని బెంచీ మీద కూర్చోబెట్టాడు.
ఆ వేళ గాలి కూడా అదుపులో ఉంది.
మొదటి సగం, నీళ్లు కదల్లేదు.
రెండో సగం, ఒక నీటికాకి మునిగింది, తేలింది,
నన్ను చూసి ఏమనుకుందో మళ్లీ మునిగింది.
కాఫీ మొత్తం తాగేశాను.
అన్నేళ్లలో మొదటిసారి
పొడి వలతో ఒడ్డెక్కాను.

"ఒక్కడూ గురి తప్పలేదా?" అన్నాను.
"తప్పాలంటే అక్కడిదాకా ఎవడైనా పోవాలిగా!"
విసుక్కుంది రన్వా.
అని,
తన మాట తనకే ముల్లులా గుచ్చుకున్నట్టు
ఒక క్షణం ఆగింది.
ఒకటి సున్నా. ఓడిపోయాం.

ఫెర్రీకి ఇంకా టైముందని
అవతలి జట్టు డిఫెండరొకడు
పడవ లాగడానికి చెయ్యేశాడు. దూలం లాంటి మనిషి.
"మీ పొడుగోడేడీ?" అన్నాడు.
"వాడుంటే మాకు నడుములు విరుగుతాయి.
ఎటు పరిగెడతాడో వాడికే తెలియదు,
ఇద్దరం వెంటబడాలి.
వాడు కొట్టేది మీ సముద్రంలోకే, నిజమే.
ఈలోగా ఆ ఎడమవైపు పిల్లాడు
తలుపు తీసున్న ఇంట్లోకి వచ్చినట్టు వచ్చేస్తాడు."
ఇవాళ హాయిగా ఆడామని
చేతులు ప్యాంటుకు తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ మాట ఫ్యాక్టరీలో చెప్పలేదు.
గోల్ వేయనివాడు వేయనివాడేనని
రన్వా అంటే, అదీ అబద్ధం కాదు కదా.
కోచ్‌కు ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పలేదో,
మరుసటి ఆదివారం వాడు మళ్లీ దిగాడు.

ఆరో నిమిషంలో వచ్చింది ముప్ఫై రెండోది.
లంగరు రాయికి చాలా అవతల.
గట్టు అంచున వాడి తల కనబడింది,
"క్షమించు" అన్నాడు, ఎప్పటిలాగే.
"ఇంకా కొట్టు" అన్నాను. గాలికి వినబడిందో లేదో.

అలలమీద బంతి
చేతికందినట్టే అంది జారిపోతోంది.
తెడ్డు మీద వంగి ఉన్నాను,
వెనక గట్టు మీద అరుపు లేచింది
వేరే బంతితో, వేరెవడిదో.
వెనక్కి తిరగలేదు.
వల చాచి
నా వంతు బంతిని అందుకున్నాను.