లాభం

పొద్దుగాల ఐదింటికి ఎనుమాముల గేటు కాడ
మిర్చి ఘాటుకు ముందుగాల తుమ్మేటియి కుక్కలు,
ఎనుక మేము.
ముక్కుకు కొంగు కట్టుకొని, చాట చంకల వెట్టుకొని
ఇరవై రెండేండ్లు ఈ యార్డుల ఒంగి లేచిన.
చాటకూలోళ్ళు అంటరు మమ్మల్ని.
బస్తా నోట్లె మిర్చి పోసేది, కింద రాలింది ఊడ్చేది,
ముల్లు నడిమిట్ల నిలిచేదాంక
గుప్పెడు ఏసేది, గుప్పెడు తీసేది.

కాంటా పట్టేది దడువాయి సారంగపాణి.
లెక్క షురూ జేస్తే ఆయన నోట్లెకెల్లి
ఒకటి అనే మాట రాదు.
లాభం, అంటడు.
లాభం, రెండు, మూడు...
మొదటి బస్తా ఎవ్వలిదైనా,
మెడలదాంక అప్పుల మునిగినోనిదైనా,
ముందుగాల లాభమే.
ఆ మాట ఇనంగనే గూడూరు బాల్య మొఖంల
జెరంత ఎలుగు వడేది,
తక్‌పట్టీ చేతికొచ్చేదాంక.

మొన్న మాఘంల మిషిన్ దిగింది.
నీలం రంగుది. బస్తా పట్టె మీద పోతాంటె
అదే జోకుతది, అదే కుడుతది, అదే చిట్టీ ఉమ్ముతది.
అది లెక్క షురూ జేసేది
సున్న నుంచి.
ఎర్రగ మెరుస్తాంటె సూసిన: సున్న, సున్న, సున్న.
"పొద్దుపొద్దున్నే గిదేం బోనియే" అన్నది బుచ్చవ్వ.

పెద్దసారు మమ్మల్ని కుర్చీలల్ల కూసోవెట్టి ఛాయ్ తాపిచ్చిండు.
కుర్చీ ఏసినప్పుడే అనుమానం రావాలె.
ఎవ్వల పనీ పోదు, అన్నడు.
నిజమే, పని పోలే.
కూలి పోయింది.
మిర్చి ఇప్పటికీ రాలుతనే ఉన్నది,
మిషిన్‌కు ఒంగుడు రాదాయె.
రైతు పెండ్లాం ఊడుస్తాంది.
పట్టె మీదికి ఎత్తేది బాల్య, అవుతల దించుకునేది బాల్య కొడుకు.
మేం చేసినప్పుడు దానికో రేటుండె,
యూనియన్ ఆఫీసు గోడ మీద సున్నంతోని రాసుండె.
వాళ్ళు చేస్తే దానికి పేరు సుత లేదు.

సారంగపాణికి మాత్రం మర్యాద ఇచ్చిన్రు.
"నాలుగు దినాలు మిషిన్ పక్కపొంటి నిలవడు పెద్దమనిషీ,
నిన్ను సూస్తే రైతులకు నమ్మకం."
నాలుగు దినాలు నలభై అయినయి.
పైసలడిగితే శాలువ కప్పిన్రు.
ఆయన దాన్ని రెండు చేతుల మీద ఏసుకొని
కండ్లు మూసుకొని జోకిండు:
"మూడు వందల గ్రాములు.
తరుగు వోతే రెండు వందల ఎనభై."
తెల్లారి రాలే.

మిషిన్ కాడ కూసునే పిలగాడు విఘ్నేశ్.
నర్సంపేట దిక్కోడు, డిప్లొమా.
వాని మీద నాకు పుట్టెడు కోపం.
ఒకనాడు పగటీలి టిఫిన్ లేకుంట కూసున్నడు.
ఏంరా అంటే,
"ట్రైనీనమ్మా. ఆర్నెల్లు జీతముండది,
సర్టిఫికెట్ ఇస్తరు."
మరి బస్సు కిరాయి?
"మా నాయిన ఇస్తడు."
మీ నాయినేం జేస్తడు?
"హమాలి."

వాడు మిషిన్ దిక్కు సూసిండు.
నేను నా సద్ది దిక్కు సూసిన.
పుట్టెడు కోపం, కొలిచి పోద్దామంటే
ఎవ్వల బస్తా నోరు తెరవాల్నో తెల్వలే.
సగం రొట్టె తెంపి వానికి పెట్టిన.
ఉల్లిగడ్డ మాత్రం ఇయ్యలే.

సోమారం గేటు ముంగట కూసున్నం,
ముంగట చాటలు బోర్లేసి.
మిషిన్‌ను పలుగగొట్టుమని మేమంటలేం.
ఉండనియ్యి, దానికీ ఓ మూల ఉన్నది.
ఒంగిన నడుముకల్లా రేటు రాయుండ్రి,
రైతు పెండ్లాందైతేంది, ఈ పిలగానిదైతేంది,
శాలువ కప్పుకొని నిలవడ్డ ముసలోని కాళ్ళదైతేంది.

సారంగపాణి వచ్చిండు. శాలువ లేదు.
ఎంతమందిమో లెక్క వెట్టవట్టిండు.
విఘ్నేశ్ గేటు కాడ సెల్లు సూసుకుంట నిలవడ్డడు,
మాలో ఉన్నట్టా, లేనట్టా, వానికే ఎరుకలేదు.
ముసలోని ఏలు వాని కాడ్నే షురువైంది.

లాభం, అన్నడు.

పన్నెండైంది. ఎండ చాటల మీదికెక్కింది.
ఈసారి ఇంకా ఛాయ్ రాలే.