జొన్నరొట్టె చప్పుడు

బొల్లారం కాన్వెంటు వెనక వంటింట్లో
మా అమ్మ లచ్చుబాయి బియ్యం చెరుగుతుంటే
సిస్టర్ అట్రాక్టా ఆలుగడ్డలు ఒలిచేది,
ఉడుకుడుకువే, కత్తి లేకుండా.
"మా ఐర్లండు ఊళ్ళో బొటనగోరు తీసుకోరు,
తోలు ఒలవడానికి పెంచుకుంటరు."

ఆ ఊరు నాకు అట్లా తెలుసు, తొక్కలు తొక్కలుగా.
పై సగం తెరిచి కింది సగం మూసిన తలుపు,
కోళ్ళు రాకుండా, వెలుతురు వచ్చేటట్టు.
కొక్కేనికి వేలాడే ఇనుప కుండ.
కట్టెలు లేవట,
నల్లమన్ను ఇటుకల్లా కోసి ఎండబెట్టి కాల్చేవాళ్ళట.
అమ్మ నమ్మలేదు.
"మన్ను కాలిస్తె కుండైతది సిస్టరమ్మా,
అన్నమెట్లైతది?"

రాత్రి పొయ్యి ఆర్పరట.
నిప్పుల మీద బూడిద కప్పి
నోట్లో ప్రార్థన చదువుతూ
పసిపిల్లను పండబెట్టినట్టు పండబెట్టేవాళ్ళట.
ఆమె ఓడెక్కిన పొద్దున కూడా
ముత్తవ్వ రాజేసిన నిప్పే.

పెళ్ళిళ్ళు ఉపవాసాలకు ముందు, మంగళవారం.
"మంగళారమా!" అమ్మ చేతిలో చేట ఆగిపోయేది.
పిలవనివాళ్ళు గడ్డిటోపీలు మొహం మీదికి దించుకొని వచ్చి
పెళ్ళికూతురితో ఒక చిందేసి
ఎవరో చెప్పకుండా చీకట్లోకి పోయేవాళ్ళట.
గడప దగ్గర అత్త
కోడలి నెత్తి మీద ఓట్స్ రొట్టె విరిచేదట.
దెబ్బ తగలదా, అన్నాను. నాకప్పుడు ఏడేళ్ళు.
"కొంచెం తగలాలె," అంది.

పదమూడేళ్ళకు, అల్వాల్‌లో నా పెళ్ళి.
జేబురుమాల్లో జొన్నరొట్టె చుట్టుకొని
ఆటో దిగింది, మోకాళ్ళు పట్టుకుంటూ.
డబ్బా ఓట్స్ జావకే పనికొస్తయట,
ఆ చప్పుడు జొన్నకే ఉందట.
రాత్రంతా ఎండిన రొట్టెను
మా అత్త బుచ్చవ్వ చేతిలో పెట్టింది.
మేనత్తలు గొణిగారు: తినేదాన్ని విరగ్గొడతరా.
బుచ్చవ్వ రొట్టెనూ నన్నూ చూసింది.
"కొట్టు వదినా," అంది అమ్మ.

ఫట్.
మేళం ఒక దెబ్బ తప్పింది.
ముక్కలు కొన్ని జీలకర్ర బెల్లానికి అంటుకున్నయి,
మిగిలినవి పిల్లలు ఏరుకొని నమిలేశారు.

అప్పగింతల వేళ అమ్మతో గుసగుసలాడింది:
పిల్లకు నిప్పు ఇయ్యవా?
"నిప్పు బయటికి పోతే లచ్చిమి పోతది."
"మాకూ అంతే, మే ఒకటిన. మిగిలిన రోజులు ఇస్తం."
అమ్మ చాలాసేపు ఆలోచించి
బగారన్నం భట్టీలోంచి పటకారుతో
మూడు బొగ్గులు తీసి కుండలో వేసింది.
ఇంటి నిప్పు కాదు కదా, అనుకుందేమో.

అంబాసిడర్‌లో నా ఒళ్ళో కుండ, కుండ చుట్టూ తడి గోనె.
కార్ఖానా దాటేసరికి పొగ,
మెట్టుగూడ దగ్గర అదీ లేదు.
లాలాగూడ క్వార్టర్ గడపలో
బుచ్చవ్వ వేలు పెట్టి చూసింది.
లోపల కిరోసిన్ స్టవ్వు, పక్కన అగ్గిపెట్టె.
ఏమీ అనలేదు.
తెల్లారి ఆ బూడిదతోనే
పెళ్ళి గిన్నెలన్నీ తోమింది.