గాలి కొట్టే కుర్రాడు

నా పని గాలి కొట్టడం.
పర్లాకిమిడి డేరా ఆటల్లో
రెండు పెట్రోమాక్స్ లైట్లు, ఒక నేను.
ఒకటి స్టేజీకి, ఒకటి బయట టికెట్ల బల్లకి.
వయసు పదకొండో పన్నెండో, మా అమ్మకీ సరిగ్గా తెలీదు.
జీతం అర్ధణా,
ఆట అయ్యాక సంచి అడుగున మిగిలిన మరమరాలు.

నౌపడాలో చిన్న రైలెక్కి వచ్చింది కంపెనీ.
ఆ రైలు కంటే మా గేదె నయమని
ఊళ్ళో ఎగతాళి.
పదకొండు పెట్టెలు, ఒక హార్మోనియం,
వెదురుకి చుట్టిన లండన్ పట్నం.
ఆ తెర దించితే వంతెన కింద తేమ మరక,
వానపడ్డ ప్రతి ఊళ్ళోనూ కాస్త పెరిగేది.
ఆ ఊరి ఏటికి వరదొస్తోందనుకునేవాణ్ణి.

బెంచీ నాలుగణాలు, నేల అణా.
కొండ దిగొచ్చిన సవరలకి డేరా అంచు,
తాడు తన్నకుండా నిలబడితే డబ్బుల్లేవు.

గంట కొట్టారు.
ముందు మిస్ డోరా,
సొంతూరు మందస, అమ్మ పెట్టిన పేరు కాసులమ్మ,
ఒంటి చక్రం సైకిలెక్కి పళ్ళేలు తిప్పింది.
ఏడు నిలిచేవి. ఎనిమిదోది పగిలేది, ప్రతి రాత్రీ.
అదీ ఆటలో భాగమేననేవాడు మేనేజరు,
ఖరీదు మాత్రం ఆమె జీతంలో కోసేవాడు.

దాలినాయుడు చీర కట్టి
మొగుణ్ణి చీపురుతో తరిమితే
నేల టికెట్టు ఆడవాళ్ళు చెంగు నోట్లో కుక్కుకున్నారు.
ఆపైన పది నిమిషాలు కదిలే బొమ్మలు.
సముద్రం. ఉత్త సముద్రమే, వస్తూ పోతూ.
ముందు వరసలో ముసలమ్మ
కాళ్ళు పైకి ముడుచుకుంది.

అప్పుడొచ్చాడు బైరాగి పాత్రో,
ఒళ్ళో చిట్టిదొర.
కర్ర బొమ్మ, టోపీ, చిమ్మెట కొట్టిన ఎర్ర కోటు.
కళ్ళు మాత్రం మా ఊరివే,
మహారాణా వీధిలో దున్న కొమ్ము అరగదీసి చేసినవి.

అది జనాభా లెక్కల ఏడు.
తెలుగని రాయించమని ఒకరూ
ఒడియా అని రాయించమని ఒకరూ
కిళ్ళీ చేతిలో పెట్టి మరీ చెప్పిపోయేవారు.
లెక్కల గుమాస్తా ముందు బెంచీలోనే కూచున్నాడు.
పాత్రో అతన్ని చూశాడు.
బొమ్మ కూడా మెడ తిప్పి చూసింది.

"ఒరే చిట్టిదొరా, నీ మాతృభాష ఏదిరా?"

దవడ కాసేపు తెరుచుకునే ఉంది.

"నాకు మాతేదీ?
వడ్రంగి ఉన్నాడంతే."

నవ్వు రెండుసార్లు వచ్చింది.
ఇటు బెంచీల మీంచి ఒకటి,
అదే మాట ఒడియాలో అన్నాక
అటు బెంచీల మీంచి ఇంకొకటి.
నిజానికి రెండూ అర్థమైనవాళ్ళే ఎక్కువ,
పక్కవాడు చూస్తున్నాడని
ఏదో ఒక నవ్వు మింగేశారు.

డేరా అంచున ఒక సవర ముసలాయన
బొమ్మ వంక చూడనే లేదు.
పాత్రో గొంతులో ముడి కిందికీ పైకీ ఆడటం చూస్తున్నాడు.
మాట పుట్టకముందే నవ్వేది ఆయనొక్కడే.

ఆయన్ని చూస్తూ నేను గాలి కొట్టడం మరిచాను.
వెలుగు పచ్చబడింది, ఎర్రబడింది,
మేంటిల్ బుస్సుమంది.

చీకటి. ఎవడిదో ఈల. ఒక చంటిపిల్ల.
అప్పుడు బొమ్మ గొంతు,
మెల్లగా, నాకొక్కడికే:
"గుంటడా, బెదరకు. బేగి కొట్టు."

పాత్రో గొంతు కాదు, బొమ్మదే.
చూసేవాడు లేని చీకట్లో
ఆ మనిషికి బొమ్మ గొంతుతో ఏం పని?
ఎనభై దాటాను, ఇంకా తేల్లేదు.

మర్నాడు గుమాస్తా మా గుమ్మంలో నిలబడ్డాడు.
అమ్మ నా వైపు చూసింది.
ఏం చెప్పానో గుర్తు లేదు.
కలం పలక్క రెండుసార్లు విదిలించాడు,
సిరా చుక్కలు సున్నం గోడ మీద పడ్డాయి,
అవి మాత్రం
పై పండక్కి వెల్ల వేసేదాకా ఉన్నాయి.

స్టేషన్లో పెట్టెలెక్కించాను.
చిట్టిదొరని తువ్వాల్లో చుట్టి,
మొహం మాత్రం కప్పకుండా,
పాత్రో తన పక్కనే కూచోబెట్టుకున్నాడు.
రైలు కదిలేటప్పటికి
కాసులమ్మ కిటికీలో పళ్ళేలు లెక్కపెడుతోంది.
ఏడు.
గుణుపురంలో ఇంకోటి కొనాలి,
పగలడానికి.